కార్యకారణవాదములలో దోషాన్వేషణము

నేటి పోటీపరీక్షల తర్కవిభాగమున "ఈ వాదమును బలహీనపఱచు అంశమేది?" యను ప్రశ్న తఱచుగ కనబడును. దానికి మన న్యాయశాస్త్రము చక్కని సాధనము. కార్యమునకు నియమముగ ముందుండి, అన్యథాసిద్ధము కానిదే కారణమని నైయాయికుల మతము. మన్ను మోసిన గాడిద ఘటమునకు ముందున్నను కారణము కాదు. మన్ను మఱియొక రీతిని వచ్చినను ఘటము పుట్టును గదా!

1854లో లండను నగరమున బ్రాడ్ వీథిలో కలరా ప్రబలెను. జాన్ స్నో అను వైద్యుని సూచనపై సెప్టెంబరు 8న అచటి నీటిపంపు పిడిని తొలగించిరి. పిమ్మట వ్యాధి శమించెను. తొలగించుటచేతనే శమించెననవచ్చునా? అనరాదు. జనులు వీడిపోవుటచే మరణములు అంతకు మున్నే తగ్గుచుండెను. స్నోయే యీ సంగతి నంగీకరించెను.

అట్లని ఆ నీరు నిర్దోషము కాదు. దూరమున హాంప్‌స్టెడ్‌లో నుండియు ఆ నీటిని తెప్పించుకొని త్రాగిన యొక స్త్రీ మరణించెను, ఇది అన్వయము. ఆ వీథియందే యుండియు ఆ నీరు త్రాగని బీరు కర్మాగారపు పనివారిలో నెవ్వరును కలరాచే మరణింపలేదు, ఇది వ్యతిరేకము. దుర్గంధవాయువే హేతువను నాటి ప్రబలవాదమునకు ఈ రెండును వ్యభిచారస్థలములు.

కావున విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. హేతువు లేకయు కార్యము కలిగెనా? హేతువుండియు కలుగలేదా? వేఱొక కారణముచే కార్యము సిద్ధించుచున్నదా? అయినను ఒకటి మఱువరాదు: హేతువు దుష్టమైనంత మాత్రమున సాధ్యము అసత్యము కాదు. పిడిని గూర్చిన వాదము సడలినను, నీటిని గూర్చిన సత్యము నిలిచినది.