డ్యాష్‌బోర్డు వెనక గలగల: రేడియేటర్లో గాలి గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన ఎండాకాలం కృష్ణగిరి నుంచి వస్తుంటే, శూలగిరి దాటాక మా పాత కారు డ్యాష్‌బోర్డు వెనక నీళ్ళ చప్పుడు మొదలైంది. నిండని బిందెను చంకనెత్తుకుని నడిస్తే వచ్చే గలగల లాంటిది. ముందురోజే ఒక షెడ్డులో రేడియేటర్ హోస్ పైపు మార్పించాను. పక్కనున్న బామ్మర్ది "ఏసీ నీళ్ళులే బావా" అన్నాడు. ఏసీ ఆపి చూశాం. గలగల ఆగలేదు.

ఆ చప్పుడు ఏసీది కాదు. డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోసం అరచేతి వెడల్పున ఇంకో చిన్న రేడియేటర్ ఉంటుంది. ఇంజన్ నీళ్ళు అందులోంచి పోతుంటాయి. వాటిలో గాలి కలిసి పారితే గలగలమంటుంది.

గాలి ఉంటే ఏమవుతుందో హొసూరు దగ్గర మా కెలవరపల్లి రైతుకు చెప్పక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ కారిందంటే పొలంలో మోటారు గాలి పడుతుంది. గిర్రున తిరుగుతుంది గాని చుక్క నీరు ఎత్తదు. పైనుంచి బిందెతో నీళ్ళు పోసి నింపితేనే మళ్ళీ పట్టుకుంటుంది. కారులో వాటర్ పంపూ ఆ జాతిదే. దాని రెక్కలు నీళ్ళను విసరగలవు, గాలిని విసరలేవు. పైగా గాలి వేడిని మోయలేదు: ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడిలో, ఒక లీటరు గాలి తీసుకునేది సుమారు 3,500వ వంతే. ఇంజన్ హెడ్డులో గుప్పెడు గాలి నిలిచినా ఆ మూల కాలిపోతున్నట్టే లెక్క.

"టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉంది కదా, ఏం కాదు" అన్నది మొదటి అపోహ. నేనూ చాలా కాలం నమ్మాను. ఈ కాలపు చాలా కార్లలో ముల్లు ఉన్నదున్నట్టు డిగ్రీలు చూపదు. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా దాన్ని అమరుస్తారు. ఇక సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. దాని చుట్టూ గాలి చేరితే, హెడ్డు మండుతున్నా ముల్లు నిమ్మళంగానే ఉండొచ్చు. అందుకే ముల్లు ఒక్కసారిగా ఎగిరి మళ్ళీ దిగితే "సరిపోయింది" అనుకోకూడదు. హీటర్ పెడితే కాసేపు వేడి గాలి, కాసేపు చల్లగాలి రావడం కూడా లోపల గాలి ఉందనడానికి గుర్తే.

"కూలెంట్ డబ్బా నిండుగా ఉంది" అనేది రెండోది. ఇక్కడ రెండు రకాల బళ్ళున్నాయి. కొన్నిటిలో మొత్తానికీ మూత డబ్బాకే ఉంటుంది; డబ్బాలోనే ప్రెషర్ ఉంటుంది, అక్కడ మట్టం చూస్తే చాలావరకు చాలు. పాత బళ్ళలో అలా కాదు. రేడియేటర్ మూతలో రెండు వాల్వులుంటాయి. వేడికి ఉబ్బిన నీళ్ళను ఒకటి డబ్బాలోకి పంపుతుంది. ఇంజన్ చల్లారాక రెండోది వెనక్కి పీల్చుకుంటుంది. ఆ రెండో వాల్వు బిగుసుకుందో, మూత రబ్బరు ఎండి పగిలిందో, డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంటుంది. తెల్లారుజామున, చల్లటి ఇంజన్ మీద మూత తీసి కళ్ళతో చూడాల్సిందే. మూత వెల చూస్తే, దాన్ని మార్చడానికి పిసినారితనం చేసేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు తీయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. హొసూరు సముద్రమట్టానికి 900 మీటర్ల దరిదాపుల్లో ఉంది. ఇక్కడ గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఒక బార్ ప్రెషర్ పట్టే మూత కింద ఆ నీళ్ళే 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత తిప్పగానే ప్రెషర్ పోయి, ఆ నీళ్ళలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మరిగే నీళ్ళను ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ కప్పి తీశాననే ధీమా పనికిరాదు.

"నీళ్ళు పోసి నడిపితే గాలి దానంతటదే పోతుంది." ఇది సగం నిజం. డబ్బాలోనే ప్రెషర్ ఉండే బళ్ళలో చిన్న బుడగలు తిరిగి తిరిగి అక్కడికి చేరి పోతాయి. పెద్ద తిత్తి మాత్రం ఎత్తయిన చోట ఇరుక్కుంటుంది. గాలికి ఎత్తు ఇష్టం. మనం చేయాల్సిందల్లా నీళ్ళు పోసే నోటినే అన్నిటికంటే ఎత్తున ఉంచడం. బండి మూతి మిట్ట వైపు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్ళు పెట్టి, చల్లటి ఇంజన్‌లో మెల్లగా కూలెంట్ పోయాలి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే, అక్కడ బుడగలు ఆగి సన్నటి ధార పడే దాకా తెరిచి ఉంచి, మూసేయాలి. తర్వాత రేడియేటర్ మూత తీసే ఉంచి ఇంజన్ ఆన్ చేయాలి. రేడియేటర్ వైపు దారి తెరిచే థర్మోస్టాట్ సాధారణంగా 82–88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు పై హోస్ వేడెక్కుతుంది, మట్టం "గుళుక్" మని కిందికి దిగుతుంది. మళ్ళీ పోయాలి. నీళ్ళు పొంగబోతుంటే వెంటనే ఇంజన్ ఆపేయాలి. డబ్బాలో ప్రెషర్ ఉండే బళ్ళకు కంపెనీ మాన్యువల్ చెప్పిన తీరే తీరు.

హీటర్‌ను ఫుల్లు వేడికి తిప్పమంటారు కదా, అదీ అన్ని బళ్ళకూ ఒకటే కాదు. హీటర్ వాల్వు ఉన్న బళ్ళలో తిప్పితేనే అటు దారి తెరుచుకుంటుంది. చాలా కొత్త బళ్ళలో నీళ్ళు ఎప్పుడూ పోతూనే ఉంటాయి, నాబ్ తిప్పితే గాలి తలుపు మాత్రమే కదులుతుంది. అయినా తిప్పండి, వేడిగాలి ఆగకుండా వస్తే అక్కడికి నీళ్ళు చేరాయని తెలుస్తుంది.

"థర్మోస్టాట్ పీకేస్తే పీడా పోతుంది" అనే మాట మన రోడ్డు పక్క షెడ్లలో వేదవాక్కు. దాన్ని పీకేస్తే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేదీ అదే. అది లేకపోతే కొన్ని నీళ్ళు రేడియేటర్ వైపు పోకుండానే వెనక్కి తిరుగుతాయి, మిట్టలెక్కేటప్పుడు హీటు ఇంకా పెరుగుతుంది. కొన్ని థర్మోస్టాట్ల అంచున కదిలే ఒక చిన్న పిన్ను ఉంటుంది. గాలి పోవడానికే అది. బిగించేటప్పుడు ఆ పిన్ను పైకి ఉండాలి. కిందికి పెట్టి, గాలి పోలేదని తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

"ఇది చలి దేశమా, కూలెంట్ ఎందుకు? బోరు నీళ్ళు చాలు." మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగు చూస్తే జవాబు అక్కడే ఉంది, తెల్లటి పెచ్చు. కూలెంట్ గడ్డకట్టకుండా ఆపడానికే కాదు, తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా కూడా. రంగు చూసి ఒకటనుకోవద్దు. ఆకుపచ్చవన్నీ ఒక రకం కావు.

సబ్బుపొడితో రేడియేటర్ కడగడం మరీ ప్రమాదం. మా డ్యాం ఉదాహరణ చాలు. బెంగుళూరు వైపు మురుగు దక్షిణ పినాకినిలో కలిసి వస్తే, కెలవరపల్లి షట్టర్లు ఎత్తినప్పుడు కిందంతా తెల్లటి నురగ లేస్తుంది. సబ్బు కలిసిన నీటిని గిలకొడితే అంతే. రేడియేటర్లో మిగిలిన సబ్బును పంపు అలాగే గిలకొట్టి, గాలి లేనిచోట గాలిని తయారుచేస్తుంది.

చివరగా అసలు విషయం. హోస్ మార్చినప్పుడు చేరిన గాలిని సరిగ్గా తీస్తే తీరిపోతుంది. వారం వారం తీస్తున్నామంటే, నీళ్ళ చోటులోకి ఎక్కడినుంచో గాలి చేరుతోంది. కారుతోందో, లేక హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోని పొగే నీళ్ళలోకి వస్తోందో చూడాలి. మూత తీస్తే ఆగని బుడగలు, ఇంజన్ వేడెక్కకముందే రాయిలా గట్టిపడే హోసులు, పొగగొట్టంలో తీపి వాసన తెల్ల పొగ ఉంటే గాలి తీసే పని మాని గ్యాస్కెట్ పరీక్ష చేయించాలి.

మాది అంత పెద్ద రోగం కాదు. బండిని మిట్టకు ఎక్కించి గాలి తీశాం, ఐదు రోజులకు గలగల మళ్ళీ వచ్చింది. టార్చి వేసి కింద చూస్తే కింది హోస్ క్లిప్ దగ్గర ఆకుపచ్చ మరక ఎండి పొక్కు కట్టి ఉంది. బామ్మర్ది కింద దూరి స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు బిగించి, "ఏసీ నీళ్ళు కాదు బావా" అన్నాడు.