గాలికీ సముద్రానికీ మధ్య పాదరసం

మెర్సరైజింగ్ ఖాతాలో చేసినవాళ్లకి కాస్టిక్ సోడా సంగతి చెప్పక్కర్లేదు. నూలు గుడ్డకి ఆ మెరుపు వచ్చేది దానితోనే. ముంబైలో నేనూ ఆ ఖాతాలోనే చేశాను. ఆ సోడా ఎలా తయారవుతుందని మాలో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో మన దేశంలో చాలా కార్ఖానాలు ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి, పాదరసం సాయంతో తీసేవి. అందులో కొంత గాలిలోకి, కొంత నీళ్లలోకి పోయేది. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. వదిలిన పాదరసం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

లోహమే అయినా పాదరసం నీళ్లలాగే ఆవిరవుతుంది. ఆ ఆవిరి నెలల తరబడి గాలిలో ఉంటుంది. అందుకే ఎక్కడో బొగ్గు కాలిస్తే ఇంకెక్కడో సముద్రంలో పడుతుంది. 2015లో మనుషుల పనులవల్ల గాలిలో కలిసింది సుమారు 2,200 టన్నులని ఐక్యరాజ్యసమితి అంచనా.

పడ్డదంతా సముద్రంలోనే ఉండిపోదు. ఎండ తగిలి కొంత మళ్లీ పైకి లేస్తుంది. ఈ రాకపోకల్ని శాస్త్రజ్ఞులు కంప్యూటర్లో లెక్కకడతారు. సముద్రాన్ని గళ్ల లుంగీలా గళ్లు చేసి, ఒక్కో గడిలో నీళ్లలో ఎంతుంది, పైన గాలిలో ఎంతుంది, నీళ్ల వేడి ఎంత, గాలి జోరెంత అని చూస్తారు. తడి తాను ఆరేసినట్టే అనుకోండి. వేడికీ గాలికీ త్వరగా ఆరుతుంది కదా. ఇక్కడ ఇంకో తిరకాసుంది: గాలిలో పాదరసం ఎక్కువైతే దారి తిరగబడి నీళ్లలోకి దిగుతుంది. చల్లటి నీళ్లు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

సముద్రంలోకి ఎక్కువ భాగం వానతోనే వస్తుందని చాలాకాలం లెక్క వేశారు. 2021లో మధ్యధరా సముద్రపు నీళ్లు పరీక్షించి, ఇంచుమించు సగం నేరుగా ఆవిరిగానే దిగుతోందని చెప్పారు. ఇది మంచి కబురే అంటాను నేను. పొగ గొట్టాల దగ్గర ఆపితే, సముద్రం మునుపు అనుకున్నదానికన్నా త్వరగా తేరుకోవచ్చట.

ఇదంతా మనకెందుకంటే, చేప కోసం. నీళ్లలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చిన్న చేపని పెద్దది తినేకొద్దీ అది పేరుకుంటుంది. కడుపులో బిడ్డ మెదడుకి అదే ముప్పు. కడిగినా, వేయించినా పోదు, కండలోనే ఉంటుంది. చేప మానమని కాదు, సొర లాంటి పెద్ద వేట చేపలు తగ్గించమని.

కోస్తా నుంచి వచ్చిన మన ఇళ్లలో బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు పెడతారు. మా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లకీ బాలింతలకీ ఇప్పుడు కవళ్లు, కానాగంతలే తెస్తున్నాం. ఇక్కడి బజారులో తార్లీ, బాంగ్డా అని అడగండి, ఇస్తారు.