చెట్టుమీది మాటు

మనుష్యుడు నేలను విడిచి చెట్టెక్కి మృగముకొఱకు వేచియుండుట మిక్కిలి పురాతనమైన ఉపాయము. జొన్నచేలలో కాపువాడు వడిసెల చేతబట్టి పిట్టలను తోలు మంచెయు, 1926 మే నెలలో జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ చిఱుతపులిని కాల్చిన మామిడిచెట్టుమీది మచానును ఒక్క జాతివే. అయినను ఈ ఉపాయము ఒక యంత్రమై, కర్మాగారమున తయారై, మోయగల బరువు లెక్కగట్టబడి అంగళ్లకెక్కినది మాత్రము అమెరికాలో, తెల్లతోక జింకను వేటాడు విలుకాండ్ర కొఱకు.

విచ్చలవిడిగా సాగిన వేటచేత 1900 ప్రాంతమునాటికి ఆ దేశమున తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి మిగులలేదని అంచనా. పిమ్మట కాలనియమములు వచ్చినవి. వేటసామగ్రిపై పన్నును వన్యమృగముల పునరుద్ధరణకే వెచ్చింపజేసిన 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ శాసనము తోడైనది. నేడు వాని సంఖ్య సుమారు మూడు కోట్లని చెప్పుదురు. ఈ పునరుజ్జీవన కాలముననే విస్కాన్సిన్ రాష్ట్రము 1934లో కొలంబియా, సాక్ కౌంటీలలో విల్లుతో మాత్రమే వేటాడుటకు ప్రత్యేక కాలమును ప్రకటించెను. తుపాకిగుండు నూఱు గజముల కావలనున్న జింకను పడగొట్టగలదు. బాణమన్ననో ఇరువది ముప్పది గజములలోపలనే నమ్మదగినది. అంతటి సమీపమునకు జింకను రానీయగల చోటు నేలపై దుర్లభము.

దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టునున్న ప్రపంచములో సుమారు 300 డిగ్రీలమేర ఒక్కమారుగా కానవచ్చును. కనుపాప అడ్డముగా సాగిన చీలిక. నేత్రపటలమున సూక్ష్మదృష్టికి ఆధారమైన కణములును క్షితిజరేఖ వెంబడి ఒక పట్టీగా దట్టమై యున్నవి. ఎఱుపు దానికి తెలియదు. వర్ణములను గ్రహించు శంకుకణములు మనకు మూడు తెగలు కాగా దానికి రెండే గలవు. కావుననే తుపాకి వేటకాండ్రు ప్రమాదనివారణకై ధరించు నారింజరంగు దుస్తులు దానిని బెదరింపవు, కదలిన చేయి మాత్రము బెదరించును. ఇట్టి దృష్టి నేలబారున పదును. పైవైపునకు కొంత మందము. చెట్టెక్కుటలోని ప్రథమలాభ మిదియే. జింక తల యెత్తి చూడదని పామరులు చెప్పుమాట నిజము కాదు. ఒక్కమారు బెదరిన ముసలి ఆడజింక ఆ చెట్టు దాపునకు వచ్చినప్పుడెల్ల మెడ నిక్కించి కొమ్మలను పరిశీలించును.

తొలినాటి మంచెలు కొమ్మల పంగలో మేకులతో బిగించిన చెక్కలు. చెక్క చివుకును, చెట్టు ఎదుగుచు మేకును వదలించును, పిదప ఆ మానును కోయువాని రంపము మేకునకు తగిలి విఱుగును. 1969లో మిస్సోరీ వాసియైన హోలెస్ విల్బర్ అలెన్ కప్పీలు గల కాంపౌండ్ విల్లునకు పేటెంటు పొందగా, దీర్ఘసాధన లేనివారును విలుకాండ్రయిరి. వారితోపాటు మంచెలకు గిరాకియు పెరిగినది. పట్టెతోగాని గొలుసుతోగాని మానునకు వ్రేలాడదీయు పీటలు, మానునకు జేర్చిన నిచ్చెనలు, తానే చెట్టెక్కు మంచెలు ఒకదానివెంట నొకటి వచ్చినవి. వీనిలో చివరిది కొంత ముచ్చటైనది. కల్లుగీతగాడు నడుమున మోకును, పాదములకు బంధమును తగిలించి ఒకదాని తరువాత నొకటి జరుపుకొనుచు తాడెక్కినట్లే, ఈ మంచెలో చేతులతో ఎత్తు పైభాగము, పాదములతో లాగు క్రిందిభాగము వేఱువేఱుగా నుండి, రెండును మానును చుట్టిన పట్టీలు కలిగియుండును. మనిషి బరువు మానునుండి ఎడముగా, పీట వెలుపలి కొనపై పడుటచే అది క్రిందికి ఒఱగజూచును. అట్లు ఒఱగజూచినకొలది వెనుకనున్న పట్టీ బెరడును మఱింత గట్టిగా కఱచును. బరువు తీసి కొన పైకెత్తినచో పట్టు వదలును. జాఱజూచు బలమునే జాఱనీయని బలముగా మార్చిన ఈ యుక్తి మెచ్చదగినది. కాని తొలి నమూనాలలో పైభాగమే లేక, మనిషి మానును కౌగిలించుకొని పాదములతో పీటను లాగుకొనవలసివచ్చెడిది; పడినవారును అనేకులు.

ఇనుము అల్యూమినియమైనను, మంచెను ఎక్కడ కట్టవలెనను ప్రశ్న మాత్రము 1934లో నున్నట్లే యున్నది. విస్కాన్సిన్ నైరృతిభాగమున హిమయుగపు మంచుపలకలు త్రొక్కని కొండసీమ యొకటి గలదు. నిట్రమైన లోయలు, ఓక్ అడవులు కప్పిన గట్లు, అడుగున మొక్కజొన్న పొలములు. ఆ రాష్ట్రముననే ఆచార్యుడై, స్వయముగా విండ్లు చెక్కుకొని వేటాడిన ఆల్డో లియొపోల్డ్ 1933లో ప్రకటించిన గ్రంథమున, వేటమృగము అంచులయందు సమృద్ధమను సిద్ధాంతమును ప్రతిపాదించెను. అడవియు పొలమును కలియు అంచు, ముసలి అడవియు లేఁబొదలును కలియు అంచు జింకకు ఆహారమును మఱుగును ఒక్కచోటనే యిచ్చును. వేటకాడు మొదట చూడవలసిన దిదియే. పిదప తెల్ల ఓక్ కాయలు రాలు చోటు. వానిలో టానిన్ తక్కువ గనుక వగరు తక్కువ. ఎఱ్ఱ ఓక్ కాయలు ప్రక్కనే రాలియున్నను జింక వీనినే ముందు ఏరుకొనును. నవంబరులో మదకాలము రాగా మగజింక ఆహారము మఱచి ఆడజింకల పడకలవెంట తిరుగును. అప్పుడు రెండు గుట్టల నడుమ పల్లముగా నున్న కనుమయే దాని దారి. లేఁతమానులపై కొమ్ములతో ఒఱసిన గుర్తు ఏ వైపున నున్నదో, సాధారణముగా అది ఆ వైపునుండియే వచ్చినదని గ్రహింపవచ్చును.

ఇవన్నియు కుదిరియు, గాలి కుదరనిచో మంచె వ్యర్థము. జింక కంటికన్న ముక్కునే నమ్మును. ప్రొద్దుట ఎండ తగిలిన వాలు వేడెక్కి గాలి మెల్లగా గట్టువైపు ప్రాకును. ఆ వేళ వేటకాడు జింకదారికి ఎగువన నుండవలెను. సాయంకాలమున గట్టు చల్లబడి, బరువెక్కిన గాలి లోయలోనికి దిగును. అప్పుడు దిగువన నుండవలెను. కావున ప్రొద్దుటికి మేలైన చెట్టు సాయంకాలమునకు మేలైనది కాకపోవచ్చును. వీచుగాలి బలముగా నున్ననాడు ఈ నియమము చెల్లదు. గట్టు దాటిన గాలి ఆవలివాలున సుడితిరిగి వెనుకకు మరలును గనుక, వాతావరణశాఖ చెప్పిన దిక్కు ఆ చెట్టుకడ తలక్రిందు కావచ్చును. అనుభవజ్ఞులు దీనిని తెలియుటకు మిల్క్‌వీడ్ మొక్క దూదిని వెంట నుంచుకొందురు. అది మన జిల్లేడు కుటుంబమునకే చెందినది. చెట్టుపైనుండి ఒక్కపోగు వదలినచో కొంతదూరము మట్టముగా పోయి, ఒకచోట నిలిచి, తటాలున పల్లమునకు జాఱును. వేటకాని వాసన పోవు దారియు అదియే. నా దృష్టిలో ఈ దూదిపోగు మంచెకన్న గొప్ప యంత్రము.

ఎత్తు పెరిగినకొలది మేలని తలచుట పొరపాటు. ఇరువది అడుగుల ఎత్తున కూర్చున్నవానికి అరువది అడుగుల దూరమున నున్న జింక సుమారు 18 డిగ్రీల వాలున నుండును. ముప్పది అడుగుల చేరువకు వచ్చినచో వాలు 34 డిగ్రీలగును. బాణము నిటారుగా దిగినకొలది రెండు ఊపిరితిత్తులకును తగులుట దుష్కరమై, మృగము గాయముతో పాఱిపోవును. పదునైదు నుండి ఇరువది అడుగులు చాలును. అంతకన్న విలువైనది వెనుక కొమ్మల మఱుగు. చెట్టు సజీవమై, నిటారుగా నుండవలెను. 2002లో మిచిగన్ రాష్ట్రమున కనుగొనబడిన ఆకుపచ్చని పురుగొకటి అమెరికాలోని యాష్ చెట్లను కోట్లకొలదిగా చంపినది. అట్టి ఎండుమాను పైకి దృఢముగా కనబడియు పెళుసై విఱుగును. ఏడాది పొడవున మానున విడిచిన పట్టీలును ఎండకు చివికి, చెట్టు లావెక్కుటచే బిగిసి తెగును.

పూర్వము నడుమునకే కట్టుకొనిన పట్టీ, పడినవానిని వ్రేలాడదీసి ఊపిరి బిగబట్టించెడిది. ఇప్పుడు భుజములను తొడలను చుట్టు పూర్తి పట్టీ వచ్చినది. దానిని చెట్టుపైనుండి నేలవఱకు దించిన త్రాటికి, 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ ప్రకటించిన ముడితో తగిలింతురు. ఆ ముడి చేతితో జరిపిన జరుగును, బరువు పడిన బిగిసిపోవును.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకల వేటను నిషేధించినది గనుక ఈ యంత్రముతో మనకు పనిలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో ఎవరికైనను దీనిపై మనసు పోయినచో, విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1 నాడుగాని ఆ పిమ్మటగాని జన్మించినవారికి సాధారణముగా వేటశిక్షణ పత్రము లేనిదే అనుమతి దొరకదని తెలిసికొనుడు. విల్లును చేతబట్టి చెట్టెక్కక, ఎక్కినపిదప త్రాటితో పైకి లాగుకొనుడు. పాదము నేలను విడుచుటకు ముందే పట్టీని తగిలించుకొనుడు.