కరెంటు స్తంభం మీద గాజుపోగు

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే తీగలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రాగి తీగ, దానిలో నడిచేది విద్యుత్ సంకేతం. రెండోది ఫైబర్, అంటే వెంట్రుకంత సన్నని గాజుపోగు, దానిలో నడిచేది వెలుగు. అనంతపురం పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఈ రెండూ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే పోతాయి. పైన 11 కేవీ లైను, దాని కింద ఇళ్లకిచ్చే ఎల్‌టీ తీగలు, ఇంకా కింద కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్ వైరు. ఇంత దగ్గరగా ఉన్న కరెంటు పక్క తీగలోని సమాచారాన్ని పాడుచేయదా? రాగికైతే చేస్తుంది, గాజుకు చేయదు. అయినా ఫైబర్ నెట్ ఎన్నడూ ఆగదని చెప్పడానికి లేదు.

కేబుల్ టీవీ వైరులో నడుమ ఒక తీగ, దాని చుట్టూ అల్లిక తొడుగు ఉంటాయి. బయటి రేడియో రొద లోపలికి రాకుండా ఆపడం తొడుగు పని. వైరుకు బిగించిన కనెక్టర్ వదులైనా, తుప్పు పట్టినా, ఎండకు పైపొర పగిలినా ఆ కాపలా పోతుంది. ఇంటినుంచి ఆపరేటర్ వైపు వెళ్లే సంకేతాలు మామూలుగా 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు, కొన్ని వ్యవస్థల్లో 65 వరకు ఉండే తక్కువ పౌనఃపున్యాల్లో నడుస్తాయి. బయటి రొద ఎక్కువగా చొరబడేది కూడా ఇక్కడే. పైగా వీధిలోని ఇళ్లన్నిటి రొదా ఒకే దారిలో కలిసి పైకి వెళ్తుంది. ఒక ఇంట్లో కనెక్టర్ ఊడితే పది ఇళ్ల వీడియో కాల్ తడబడటం అందుకే.

ఆ రొద పుట్టేది 50 హెర్ట్జ్ కరెంటు నుంచి కాదు, దాని లోపాలనుంచి. స్తంభంపై బోల్టు వదులైనప్పుడు, పింగాణీ ఇన్సులేటర్ బీటలిచ్చినప్పుడు, కట్టుతీగ సడలినప్పుడు ఆ సందులో చిన్న నిప్పురవ్వ ఎగురుతూ ఉంటుంది. ప్రతి రవ్వా విస్తారమైన రేడియో రొదను వెదజల్లుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన పడే ఈ పీఠభూమి ఎండ, గాలి, దుమ్ము రవ్వలకు బాగా అనుకూలం. వాన పడితే తేమ ఆ సందును కలిపేసి రవ్వ ఆగిపోవచ్చు. కాబట్టి వానకు నెట్ బాగుపడితే అనుమానించాల్సింది స్తంభాన్ని. వానకు పాడైతే నీళ్లు దిగిన కనెక్టర్‌ను. ఈ చిన్న గుర్తు తెలియక మోడెమ్‌లు మార్చినవాళ్లు తక్కువేం కాదు.

ఎర్తింగ్ రెండో చిక్కు. బండరాయి, ఎర్రగరప నేల ఎండిపోతే భూమిలోకి కరెంటు సరిగా దిగదు. వేసవిలో ఎర్త్ గుంతకు నీళ్లు పోయకపోతే కేబుల్ తొడుగు మీద అవాంఛిత వోల్టేజి చేరుతుంది. ఇది కాక రాగి కేబుల్‌కు దారిపొడవునా బూస్టర్లు కావాలి. వాటికి కరెంటు పోతే వీధి మొత్తానికి సంకేతం పోతుంది.

గాజుపోగుకు ఈ బెడదలేవీ లేవు. దాని మీద ఎంత విద్యుత్ క్షేత్రం ఉన్నా లోపలి సమాచారం చెదరదు. ఇళ్లకిచ్చే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ పెట్టె నుంచి 1490 నానోమీటర్ల వెలుగు వస్తుంది, ఇంటినుంచి 1310 నానోమీటర్ల వెలుగు తిరిగి వెళ్తుంది. దాదాపు 20 కిలోమీటర్ల దాకా మధ్యలో కరెంటు అక్కర్లేదు. ఒక పోగును 32 లేదా 64 ఇళ్లకు పంచే స్ప్లిటర్ కూడా గాజే.

ఈ గుణాన్నే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టుబడిగా మలచుకుంది. ఏపీ ఫైబర్‌నెట్ కోసం నేల తవ్వకుండా, సుమారు 24,000 కిలోమీటర్ల కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదే లాగించింది. లోహం లేని ఆ కేబుల్ బరువును అరమిడ్ నారే మోస్తుంది. పంపిణీ యంత్రాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలోనే పెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రారంభ ధర సాధ్యం కావడానికి తవ్వకం ఖర్చు తప్పడమూ ఒక కారణం. ఇంటిదాకా తీగ లాగే పని ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు.

అయితే స్తంభంతో పాటు దాని కష్టాలూ వచ్చాయి. మే నెల గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు ఫైబరూ పోతుంది. వేరుశనగ కట్టె ఎత్తుగా నింపుకొచ్చే లారీ, రోడ్డుకు అడ్డంగా వేలాడే తీగను తెంపుకుపోవచ్చు. కొమ్మలు నరికేటప్పుడు, కొత్త తీగలు లాగేటప్పుడు తెగేవీ ఉంటాయి. రాగినైతే మెలిపెట్టి టేపు చుట్టి తాత్కాలికంగా నడిపిస్తారు. తెగిన గాజును అతికించడానికి స్ప్లైసింగ్ యంత్రం, అది తెలిసిన మనిషి రావాలి. మండల కేంద్రం దూరమైతే ఇందుకే ఒక రోజు పట్టవచ్చు. ఫైబర్ తరచు పాడవదు, పాడైతే మాత్రం పూర్తిగా ఆగుతుంది. రాగి కేబుల్ సగం పనిచేస్తూ రోజుల తరబడి విసిగిస్తుంది. బాగుచేయడానికి ఆ పూర్తి చావే మేలు: ఇంట్లోని ఓఎన్‌టీ పెట్టె మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర దీపం వెలిగితే వెలుగు అందడం లేదని వెంటనే తెలిసిపోతుంది. వచ్చే వెలుగు బలం మైనస్ 27 డీబీఎం కంటే తగ్గితే మధ్యలో ఎక్కడో మడత, మురికి లేదా పాడైన అతుకు ఉన్నట్టే.

పిడుగుల కాలంలో ఫైబర్ ఇళ్లలోనూ పెట్టెలు కాలుతుంటాయి. వాటిని కాల్చే వోల్టేజి ఉప్పెన వచ్చేది గాజులోంచి కాదు, గోడ ప్లగ్గులోంచి. స్తంభం నుంచి ఇంటికి దిగే కొన్ని డ్రాప్ వైర్లలో ఊతానికి వేసే ఉక్కు తీగ కూడా కరెంటును మోయగలదు. బోర్ల మోటార్లు ఊరి లైనుతో కలిసి ఉన్నచోట ఇంకో ఇబ్బంది ఉంది. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. ప్రతిదీ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగడంతో వోల్టేజి పడిపోయి, రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అక్కడ ఫైబర్‌ను నిందించడం అన్యాయం.

కొనేముందు అడగాల్సింది స్పీడు కాదు, ఇంట్లోకి దిగే తీగ ఏదని. ఫైబర్ పేరుతో వీధి చివరి స్విచ్‌దాకా గాజును తెచ్చి, అక్కడినుంచి లాన్ వైరు లాగే పద్ధతి ఇంకా ఉంది. ఆ వైరు హద్దు 100 మీటర్లు. పిడుగుకు ముందు పోయేది దాని పోర్టే. నిజంగా గాజే దిగితే, 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్‌తో కోత సమయంలోనూ పెట్టె వెలుగుతుంది. నెట్ మాత్రం అవతలి సబ్‌స్టేషన్‌లోనో ఆపరేటర్ గదిలోనో ఉన్న బ్యాటరీ నిలిచినంతసేపే వస్తుంది.