బొంరాస్‌పేట పల్లెలలో భూమి: కొనువారు, అమ్మువారు, ఊరు విడిచినవారు తెలిసికొనవలసిన సంగతులు

పరిగికి, కొడంగల్‌కు నడుమ నున్న బొంరాస్‌పేట మండలములో రైల్వే స్టేషను లేదు. రైలెక్కవలెనన్నా, కందులు పెద్ద మార్కెట్టుకు తోలవలెనన్నా తాండూరు పోవలసినదే. వానను నమ్ముకొన్న సేద్యము. యాసంగిలో పని చాలక పుణె, ముంబయి, హైదరాబాదు నగరములకు కూలికి పోవు కుటుంబములు ఈ ప్రాంతమున అనేకము కలవు. ఇట్టి పల్లెలో భూమి ధర ఏండ్ల తరబడి అంతంతమాత్రముగనే ఉండెడిది. నేడు పరిస్థితి మారినది. మోటారు కార్లలో వచ్చి "యెకరము ఎంత?" అని అడుగువారు కనబడుచున్నారు. ధర పెరిగిన కొలది, మూలనున్న పాత కాగితములోని లోపము కూడ బయటికి వచ్చును. అందువలన ధర మాట్లాడుటకు ముందే కాగితము చూచుకొనుట అవసరము.

మొదట ఈ ఊళ్ల కాగితముల చరిత్ర కొంత తెలియవలెను. కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రములోని గుల్బర్గా జిల్లాకు చెందియుండెడివి. 1956 నవంబరులో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలోను, తాండూరు హైదరాబాదు జిల్లాలోను కలిసెను. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడినపుడు బొంరాస్‌పేట అందులోనికి వచ్చెను. అనగా తాత పేరు గుల్బర్గా జిల్లా లెక్కలలోను, తండ్రి పేరు మహబూబ్‌నగర్ పహాణీలలోను, కొడుకు పేరు వికారాబాదు జిల్లా కంప్యూటరులోను ఉండవచ్చును. పాత సేత్వార్, ఖాస్రా పహాణీ ఉర్దూలో వ్రాయబడినవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తు చేయుచున్నారు అనునవి వేరువేరు గళ్లలో కనబడును. తగాదా వచ్చినపుడు నేటికిని ముందుగా చూచునది ఆ కాగితమునే. దాని నకలు తీసి, ఉర్దూ చదువనేర్చిన వారిచేత తెలుగులో వ్రాయించి ఇంట ఉంచుకొనుట మంచిది. తహశీలులో దొరకనిచో కలెక్టరు కచేరీలో అడుగవలెను.

భూములన్నియు ఒక్క తీరువి కావు. పట్టా భూమిని అమ్మవచ్చును, కొనవచ్చును. లావణి పట్టా, అనగా ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి, తండ్రి నుండి బిడ్డలకు సంక్రమించునే గాని అమ్మకమునకు పనికిరాదు. 1977 నాటి 9వ చట్టము దానిని నిషేధించినది. అట్టి భూమి సగము ధరకు వచ్చుచున్నదని సంతోషించి కొన్నవాడు ఆ సగము కూడ పోగొట్టుకొనును. ఇనాము భూమికి ఆర్డీవో ఇచ్చు ఆక్యుపెన్సీ హక్కు పత్రము ఉన్నదా అని అడుగవలెను. దేవాలయ, వక్ఫు భూముల జోలికి పోరాదు. ఇంకొక చిక్కు రక్షిత కౌలుదారులది. 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టము క్రింద దున్నువానికి ఇచ్చిన హక్కు, 38-ఇ పత్రము రూపమున, అతని వారసులకు నేటికిని చెల్లును. పట్టా ఒకరి పేర, 38-ఇ మరొకరి పేర ఉన్న సర్వే నంబరుకు బయానా ఇచ్చుట బుద్ధిమంతుల పని కాదు.

ఇక సాదా బైనామా సంగతి. ఇది ప్రతి ఊరిలోను ఉన్నదే. ఒక రైతు ముప్పది ఏండ్ల క్రిందట మూడు యెకరముల ఇరువది గుంటలు తెల్లకాగితము మీద కొన్నాడనుకొందము. ఇద్దరు పెద్దమనుష్యులు సాక్షి సంతకము చేసిరి. నాటినుండి దున్నుచున్నాడు, గెట్టు వేసుకొన్నాడు, ఊరంతయు అది అతనిదే అనును. కాని పాసుపుస్తకము అమ్మినవాని కొడుకు పేరనే వచ్చినది. ఇందుచేత నష్టమేమి? పంట పెట్టుబడి సాయము (2025లో యెకరమునకు ఏడాదికి 12 వేల రూపాయలుగా నిర్ణయింపబడినది) పుస్తకము గలవానికి పోవును, దున్నువానికి రాదు. బ్యాంకు అప్పు ఇవ్వదు. రైతు బీమా పథకము 2018లో ఆరంభమైనది. దాని క్రింద 18 నుండి 59 ఏండ్ల లోపు పట్టాదారు ఏ కారణము చేత మరణించినను కుటుంబమునకు 5 లక్షల రూపాయలు అందును. పుస్తకము లేని రైతు చనిపోయినచో అతని ఇల్లాలికి అందునది ఏమియు లేదు. ముప్పది ఏండ్ల చెమట ఒక సంతకము లేనందున లెక్కకు రాకుండ పోవును.

2020 చట్టములో ఈ సాదా బైనామాలకు దారి లేకపోయెను. 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము దారి చూపినది. ఐతే అందరికిని కాదు. 2014 జూన్ 2కు పూర్వము కొని, పన్నెండు ఏండ్లుగా స్వాధీనములో ఉండి, 2020 అక్టోబరు 12 నుండి నవంబరు 10 వరకు దరఖాస్తు పెట్టిన చిన్న, సన్నకారు రైతులకే అది వర్తించును. 2025 ఆగస్టులో హైకోర్టులోని అడ్డు కూడ తొలగినది. నాటి దరఖాస్తు రసీదు ఎక్కడనో పెట్టె అడుగున ఉండును. వెదకి తీయవలెను. అమ్మినవారి వారసులతో ఇప్పటి నుండియే సఖ్యముగా ఉండుట కూడ లాభకరము. ధర పది లక్షలు దాటిన తరువాత పాత మాట జ్ఞాపకము ఉంచుకొనువారు తక్కువ.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. ఇండొనీషియాలోని మారుమూల దీవుల పల్లెలలో కూడ తరతరములుగా "గిరిక్" అను పన్ను చీటీయే భూమికి ఆధారముగా చెల్లినది. అక్కడ 1960లో వచ్చిన భూమి చట్టము పూర్తి స్వామ్యపు హక్కును ఆ దేశ పౌరులకే ఉంచినది. సర్టిఫికెట్టు లేక చీటీ మాత్రమే గల రైతు అక్కడ కూడ పట్టణము నుండి వచ్చిన కొనుగోలుదారు ముందు తక్కువ ధరకే ఒప్పుకొనవలసివచ్చును. మన శిస్తు రసీదు వంటిదే ఆ చీటీ. పన్ను కట్టినట్లు చెప్పునే గాని భూమి నీదని చెప్పదు.

ఊరు విడిచి పోయినవారి వాటా గురించి తరచు తగవులు వచ్చుచున్నవి. అన్న పుణెలో ఉన్నాడు, తమ్ముడు ఊరిలో దున్నుచున్నాడు. పదేండ్లు దున్నినంత మాత్రమున అన్న వాటా తమ్మునిది కాదు. ఆడబిడ్డల సంగతియు అంతే. 1985లో మన రాష్ట్ర చట్టము, 2005లో కేంద్ర చట్టము పిత్రార్జితములో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చినవి. 2020లో సుప్రీంకోర్టు దానిని మరింత స్పష్టము చేసినది. "చెల్లెకు పెండ్లిలో పెట్టితిమి గదా" అను మాట కచేరీలో నిలువదు. విరాసతు చేయించునపుడు వారసులందరి పేర్లు చెప్పవలెను. తహశీలుదారు నోటీసు ఇచ్చి విచారించును. ఒక పేరు దాచి తెచ్చుకొన్న పుస్తకము తరువాత అప్పీలులో పోవచ్చును. భూభారతి చట్టములో ఆర్డీవో, కలెక్టరు వద్ద అప్పీలుకు వీలు కలదు.

భూసేకరణ మాట వచ్చినపుడు ఈ కాగితముల విలువ తెలియును. 2024లో పొరుగున దుద్యాల మండలములోని లగచర్ల ప్రాంతమున ఔషధ పరిశ్రమలకు భూమి తీసికొనదలచినపుడు రైతులు ఎదిరించిరి, గొడవలు జరిగెను. ఆ ప్రకటనను నవంబరు నెలలోనే ఉపసంహరించి, పిదప పారిశ్రామికవాడ కొరకు వేరొక ప్రకటన చేసిరి. ఇవ్వవలెనా వద్దా అనునది రైతు ఆలోచించుకొనవలసిన సంగతి. కాని ఇచ్చినను, కాదని వాదించినను, పేరు లేనివాని మాట ముందు వరుసలోనికి రాదు.

కొనదలచినవారికి నేల గురించి ఒక మాట. ఈ ప్రాంతమున చల్కలును, రేగళ్లును రెండును కలవు. తాండూరు వైపు సున్నపురాతి మీద ఏర్పడిన లోతైన నల్లనేలలో పండు కంది పప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని అదే చుట్టుపట్ల మట్టి అడుగులోతు లేక క్రింద బండ తగులు చోట్లును ఉన్నవి. చూచుటకు రెండును నలుపే. మూడు చోట్ల మూడడుగుల గొయ్యి త్రవ్వి చూడక కొనరాదు. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది. కాలువ వచ్చునని చెప్పి ధర పెంచువారు ఉందురు. నీళ్లు పొలములోనికి వచ్చు వరకు దానిని మెట్ట పొలముగనే లెక్కకట్టవలెను.

భారపత్రము రెండు చోట్ల చూడవలెను. 2020కి పూర్వపు రిజిస్ట్రేషనులు సబ్‌రిజిస్ట్రారు కచేరీలోను, తరువాతివి తహశీలులోను ఉండును. పట్వారీల కాలము పోయినది, వీఆర్వో ఉద్యోగములు 2020లో రద్దయినవి, 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చిరి. కొత్తగా వచ్చిన అధికారికి ఊరి గెట్లు తెలియవు. ముసలివారిని వెంటబెట్టుకొని పొలము చూపుట గ్రామస్థుల పని. ఆ అధికారియు వారు చెప్పినది నంబరు వారీగా వ్రాసికొనవలెను.

కొలతకు కంది కోత ముగిసిన తరువాత మాఘ, ఫాల్గుణ మాసములు అనుకూలము. పొలము ఖాళీగా ఉండును, హద్దురాళ్లు కనబడును. నలువది గుంటలు యెకరము, గుంటకు 121 చదరపు గజములు. గెట్టు జరిగి రెండు గుంటలు తగ్గినచో అప్పుడే తెలియును. పుణె, ముంబయి పోయినవారు ఉగాదికి ఇంటికి వత్తురు. ఇరుగు పొరుగు రైతులకు ముందుగా నోటీసు అందునట్లు ఆ తేదీకి నెల ముందే సర్వే దరఖాస్తు పెట్టి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందరును ఊరిలో ఉండగానే సంతకములు పెట్టించుకొనవలెను.