మెదడులో బుడగ, కంప్యూటర్‌లో నెత్తురు

మెదడు అడుగున ధమనులు ఒక వలయంలా కలుస్తాయి. దానికి ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ పేరుంది. 1664లో ఆయన వేసిన పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు. లండన్ సెయింట్ పాల్స్ చర్చిని కట్టించిన రెన్ అతనే! నాళం గోడ బుడగలా ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటారు. అన్యూరిజంలు ఎక్కువగా ఏర్పడేది ఈ వలయం దగ్గరే, అందునా నాళం రెండుగా చీలే మలుపుల్లో.

పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఈ బుడగ ఉంటుందని అంచనా. చాలావరకు పగలవు. ఆపరేషన్‌లోనూ ప్రమాదం ఉంది కనుక ఏది పగిలే రకమో ముందే తెలియాలి. చిక్కంతా అక్కడే.

అందుకే స్కాన్‌లోంచి నాళం ఆకారాన్ని తీసి, లోపలి ఖాళీని కంప్యూటర్‌లో లక్షలాది ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కలో రక్తం ఎటు పోతోందో, ఎంత వేగమో, ఎంత ఒత్తిడో క్షణక్షణానికీ లెక్కగడతారు. గుండె ఒక్కసారి కొట్టుకునే లెక్కకు గంటలు, సూక్ష్మంగా చేస్తే రోజులు పడతాయి. ఇంతా చేసి మొదటి స్పందన ఫలితాన్ని సాధారణంగా పక్కన పడేస్తారు, అప్పటికి ప్రవాహం కుదురుకోదని!

బీపీ 120 అంటే నాళం గోడ మీద దాదాపు 16,000 పాస్కల్స్ ఒత్తిడి. పారుతున్న రక్తం గోడను రాసుకుంటూ పోయే ఒరిపిడి మాత్రం మామూలుగా కొద్ది పాస్కల్సే. అయినా నాళం లోపొర కణాలు ఆ కాస్త ఒరిపిడినీ పసిగట్టి గోడను మార్చుకుంటాయి. ఒరిపిడి మరీ ఎక్కువైతే చేటని కొందరు పరిశోధకులు, మరీ తక్కువైతేనే చేటని మరికొందరు. రెండూ నిజమే కావచ్చని 2014లో ఒక సమీక్ష వచ్చింది. తీర్పు ఇంకా రాలేదు.

కెనడా న్యూరోసర్జన్ గ్యారీ ఫెర్గూసన్ ఆపరేషన్ బల్ల మీదే అన్యూరిజంల శబ్దాన్ని రికార్డు చేశాడు. లోపల ప్రవాహం అల్లకల్లోలంగా ఉందని 1970లో రాశాడు. తర్వాతి కంప్యూటర్ సిమ్యులేషన్లు చాలావరకు నున్నటి ప్రవాహాన్నే చూపించాయి. లోపం రక్తంలో లేదు, లెక్కలో ఉంది. కాలాన్ని మరీ పెద్ద అడుగుల్లో కొలిస్తే చిన్న కుదుపులు జారిపోతాయి. ఆ అడుగుల్ని చిన్నవి చేశాక కొన్ని అన్యూరిజంలలో ఆ అలజడి తెర మీదికొచ్చింది.

ఇక ఈ సిమ్యులేషన్లు చూపే ఎరుపు, నీలం రంగుల బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా, వాటిలో గోడను చాలాసార్లు కదలని గట్టి గొట్టంగానే తీసుకుంటారు. బుడగ గోడ ఎక్కడ పలచబడిందో మామూలు స్కాన్ చెప్పలేదు. పుర్రె తెరిచిన సర్జన్‌కు మాత్రం ఆ పలచటి చోటు ఎర్రగా కంటికి కనబడుతుంది.