బాక్సు మీది స్పీడు మీ పీసీకి అందుతుందా?

సికింద్రాబాద్ సీటీసీ అయినా, ఆన్‌లైన్ సేల్ అయినా ఎస్‌ఎస్‌డీ కొనబోతే ముందు కళ్లలో పడేది స్పీడ్ అంకెే. సాటా డ్రైవ్ సెకనుకు 550 ఎంబీ, ఎన్‌వీఎంఈలో జెన్3 అయితే 3,500, జెన్4 అయితే 7,000, జెన్5 అయితే 14,000 దాకా! అబద్ధం కాదు. కాకపోతే అది ఒకే పెద్ద ఫైల్‌ని గడగడా చదివినప్పటి లెక్క.

విండోస్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేది వేరు. వేల చిన్న ఫైళ్లని అక్కడోటి ఇక్కడోటి ఏరుకోవాలి. ఆ పనిలో మంచి జెన్4 డ్రైవ్ కూడా సెకనుకు 80, 90 ఎంబీ దగ్గరే ఆగుతుంది. పాత హార్డ్ డిస్క్ ఒక ఎంబీ ఇస్తే గొప్ప. అందుకే హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా ‘వావ్’ అంటాం. జెన్3 నుంచి జెన్5కి మారితే మాత్రం, చాలా గేముల్లో తేడా ఒకట్రెండు సెకన్లే. రోజూ పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు అటూ ఇటూ మార్చేవాళ్ల సంగతి వేరనుకోండి.

ముందు మీ బోర్డు, ప్రాసెసర్ ఏంటో చూడండి. బడ్జెట్ పీసీల్లో బాగా కనిపించే రైజెన్ 5 5600జీ ఉందా? అది జెన్3 వరకే. బీ550 బోర్డు మీద జెన్4 డ్రైవ్ పెట్టినా నడిచేది జెన్3 స్పీడ్‌తోనే. ఇంకో తిరకాసు.. ఎం.2 ఆకారంలో ఉన్నదల్లా ఎన్‌వీఎంఈ కాదు. అదే ఆకారంలో సాటా డ్రైవులూ వస్తాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకట్రెండు సాటా పోర్టులు ఆఫ్ అయిపోతాయి. మాన్యువల్ ఒకసారి తిరగేస్తే తెలిసిపోతుంది.

అసలు గుట్టు లోపలి చిప్‌లో ఉంది. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని రెండు రకాలు ఎక్కువ. రెండింట్లోనూ కొంత భాగాన్ని వేగంగా రాసే క్యాష్‌గా వాడతారు. అది నిండే దాకా రెండూ హీరోలే. నిండాక క్యూఎల్‌సీ డ్రైవ్ ఒక్కోసారి హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిస్తుంది. వంద జీబీ గేమ్ కాపీ చేస్తే సగంలో స్పీడ్ ఢమాల్ అనేది ఇందుకే. పేరు మారకుండా లోపలి సరుకు మారడమూ ఉంది. 2021లో డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్550లో చిప్ మారాక, క్యాష్ నిండిన తర్వాత రాసే వేగం 610 నుంచి 390 ఎంబీకి పడిపోయింది. కాబట్టి పాత రివ్యూలు కాదు, ఈమధ్య వచ్చినవి చూడండి.

‘తొందరగా అరిగిపోతుందేమో’ అన్న భయం అక్కర్లేదు. శాంసంగ్ 990 ప్రో 1 టీబీకి వారంటీ అయిదేళ్లు లేదా 600 టీబీ రాత. రోజుకి 300 జీబీ పైనే రాస్తే గానీ అది ఖర్చవదు.

నా ఓటైతే 500 జీబీ జెన్5కి కాదు, టీఎల్‌సీ ఉన్న 1 టీబీ జెన్4కే. నిండిపోయిన డ్రైవ్ ఎంత ఖరీదైనదైనా నీరసిస్తుంది, అయిదో వంతు ఖాళీ ఉంచండి.

బిగించాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేయండి. డ్రైవ్ ఏ జెన్‌లో నడుస్తోందో, ఇప్పటిదాకా ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో చెప్తుంది. కొత్తదని ఇచ్చిన డ్రైవ్ అప్పటికే వందల గంటలు నడిచిందని చూపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.